కొలిక్కిరావు గారి ఇల్లు

పరాయి దేశంలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లలో ఒక అభిప్రాయం బలంగా పాతుకుపోయి ఉంటుంది. ముందు ఇల్లు ఒక కొలిక్కి రావాలి. ఆ తర్వాత ఊళ్లు తిరగవచ్చు, స్నేహితులను పిలుచుకోవచ్చు, మనుషుల్లా బతకవచ్చు. వినడానికి ఇది ఎంత సబబుగా ఉంటుందంటే, దీన్ని పరీక్షించి చూడాలని ఎవరికీ తోచదు. గిన్నె కడిగాకే కదా పాలు పోసేది అని ఎదురడుగుతారు. పాలు కూడా ఎల్లకాలం ఆగవన్న సంగతి ఆ పోలికలోనే దాగి ఉన్నా, పోలిక చెప్పేవాడి కంట అది పడదు.

ఈ అభిప్రాయాన్ని నమ్మేవాళ్లు చాలామంది. దీన్ని నిష్ఠగా ఆచరించినవాడు ఒకడున్నాడు. అతను లిఫ్టుల ఇన్‌స్పెక్టరు. ఎత్తైన భవనాలకు వెళ్లి, లిఫ్టు పెట్టె పైకెక్కి, తీగలు తడిమి, తలుపు మూసుకునే తీరు గమనించి, ఇది మనుషులను మోయడానికి తగినదని సంతకం పెట్టడం అతని ఉద్యోగం. అనుమానం అతనికి జీతం తెచ్చిపెట్టే గుణం. ఆఫీసులో దాన్ని అందరూ మెచ్చుకునేవారు కాబట్టి, సాయంత్రం దాన్ని అక్కడే వదిలి రావాలని అతనికి అనిపించేది కాదు. చొక్కా జేబులో కలం ఉండాల్సిన చోట అరచేతి పొడవున్న రసమట్టం ఉండేది. దాని గాజు గొట్టంలోని బుడగ రెండు గీతల మధ్య నిలిస్తే పలక సమంగా ఉన్నట్టు. బుడగ నిలవని బల్ల మీద కాఫీ తాగడం అతనికి మనసొప్పేది కాదు.

అటువంటివాడు కొన్న ఇంట్లో ఏ రెండు గోడలూ ఒక మాట మీద ఉండేవి కావు. ఎత్తుగా సాగే వీధి చివర, రెండంతస్తుల పాత ఇల్లు. మెట్లెక్కుతుంటే మనిషి కన్నా ముందు మెట్లే ఆయాసపడేవి. చవకగా వచ్చిందని కొన్న రోజున భార్యాభర్తలిద్దరూ సంబరపడ్డారు. ఎందుకు చవకో మొదటి వానకే తెలిసింది.

వంటగది నేల ఎత్తు చేయబోతే తలుపు అడుగు కోయాల్సి వచ్చింది. తలుపు ఊడదీస్తే చట్రం పుచ్చిపోయిందని తేలింది. చట్రం పీకితే గోడలో ఎప్పటివో కరెంటు తీగలు బయటపడ్డాయి. తీగల వెంట పోతే పై గది కప్పు దాకా పోయారు. కప్పు విప్పాక మళ్లీ వంటగదికి దిగే ఓపిక ఎవరికీ లేకపోయింది. ఒక కారణానికి వెనక మరో కారణం, దాని వెనక ఇంకొకటి వెతుక్కుంటూ ఎక్కడా ఆగలేకపోవడాన్ని తార్కికులు అనవస్థ అన్నారు. వాదంలో అది దోషమని తేల్చారు. ఇంటి విషయంలో మాత్రం దాన్ని మరమ్మతు అంటారు, అభినందిస్తారు.

అతని భార్య కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అమర్చేది. పగలంతా ఎవరికి దూరం కనబడదో, ఎవరికి దగ్గర కనబడదో తేల్చే పని కావడం వల్ల, ఇంట్లో ఆ పని పెట్టుకోకూడదని చాలాకాలం ఓర్చుకుంది. ఓర్పు తగ్గిన రోజున ఒకే ప్రశ్న అడిగేది.

"ఏవండీ, మనం ఈ ఇంట్లో కాపురం ఉంటున్నామా, కాపలా ఉంటున్నామా?"

"కాస్త కొలిక్కి రానీ" అనేవాడు అతను, కప్పు వైపు చూస్తూ.

ఆ మాట అతని నోట ఎంతగా అరిగిందంటే చివరికి అదే అతని పేరైంది. పెట్టినవాడు బావ.

బావతో అతనికి చుట్టరికం ఏమీ లేదు, ఒక పరుపు తప్ప. దేశానికి కొత్తగా వచ్చినప్పుడు ఇద్దరూ లాండ్రీ షాపు పైన ఒక గదిలో ఉండేవారు. గదికి ఒకటే పరుపు. బావకు బిస్కెట్ల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు, ఇతనికి పగటి పని. ఒకడు లేచి వెళ్లిన వెచ్చదనంలో రెండోవాడు వచ్చి పడుకునేవాడు. గోడ మీద పెద్ద తేమ మరక ఉండేది. దాన్ని దాచడానికి క్యాలెండరు బొమ్మ ఒకటి తగిలించారు: మంచుకొండలు, మధ్యలో సరస్సు, ఒడ్డున పాకుతున్న ఎర్రటి చిన్న రైలు. బొమ్మ మరకను దాచింది, మరక బొమ్మను ఉబ్బించింది; కొన్నాళ్లకు కొండ నిజంగానే గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చింది. దాని కింద కూర్చుని ఇద్దరూ రెండు మాటలు అనుకున్నారు. చేతిలో నాలుగు డబ్బులు ఆడిన రోజున ఆ రైలెక్కాలి. రెండోది ఇతనొక్కడే అన్నాడు: "నాకంటూ ఒక ఇల్లుంటే, వచ్చినవాళ్ల కోసం ఒక గది ఉంచుతాను బావా. అందులో మొదట పడుకునేవాడివి నువ్వే."

మాట తప్పే మనిషి కాడు. ఇల్లు కొన్న వారానికే ఆ గది కోసం మంచి పరుపు కొన్నాడు. దాని మీది ప్లాస్టిక్ కవరు తీయలేదు, దుమ్ము పడుతుందని. పరుపు గోడకు ఆనుకుని నిలబడి ఉండిపోయింది, ఇంటర్వ్యూకి పిలుస్తారని ఎదురుచూసే నిరుద్యోగిలా.

బావ వస్తానన్నప్పుడు ఒకసారి మెట్లు ఊడదీసి ఉన్నాయి. ఇంకోసారి కప్పుకు టార్పాలిన్ కప్పి ఉంది. మూడోసారి ఆ గదికి ఆనుకుని కట్టిస్తున్న స్నానాలగదికి నేల లేదు. ప్రతిసారీ ఇతను ఫోనులో ఒకే సమాధానం చెప్పాడు. మూడోసారి బావ అన్నాడు:

"ఒరేయ్, నీకు పేరు మార్చేశాను. ఇవాళ్టి నుంచి నువ్వు కొలిక్కిరావు."

"అదేం పేరు బావా?"

"నీ పనులు ఎప్పటికీ కొలిక్కి రావు. దాన్నే కలిపి పలికాను. చూడు, పెద్దింటి పేరులా ఎంత హుందాగా ఉందో."

ఆ పేరు స్నేహితులందరికీ పాకడానికి ఎంతోకాలం పట్టలేదు. ఒక గృహస్థు తన కూతురి పెళ్లి శుభలేఖ మీద 'శ్రీ కొలిక్కిరావు దంపతులకు' అని రాసి పంపాడు. పొరపాటుగానో పరిహాసంగానో ఇప్పటికీ తెలియదు. చెప్పకుండా వచ్చే స్నేహితులు కూడా కొద్దిమంది ఉండేవారు. అలా ఒక ఆదివారం టీకి వచ్చిన దంపతులు, కొలిక్కిరావు మడత బందులు బిగించేదాకా తలుపును చెరోపక్కా పట్టుకుని నిలబడ్డారు. టీ ఇచ్చారు గాని తాగడానికి వాళ్లకు చేతులు ఖాళీ లేవు. ఆ తర్వాత ఆ దంపతులు ఫోనులోనే పలకరించేవారు.

ఇలా ఉండగా ఒక సాయంత్రం బావ ఫోన్ చేశాడు. బావ భార్య నర్సు. భూగోళానికి అవతలి పక్క దేశంలో పెద్ద ఆసుపత్రివాళ్లు ఆమెకు హెడ్ నర్సు ఉద్యోగం ఇచ్చారు.

"మీ అక్కకు వార్డు అప్పజెప్పారు. నాకు బట్టలు మడతపెట్టే పోస్టు ఖాయం చేశారు" అన్నాడు బావ. "ఆకులు రాలే లోపు వెళ్లిపోవాలి. ఇక్కడి ఇల్లు అమ్మేశాం. ఇటువైపు మళ్లీ రావడమంటే, నిజం చెప్పాలంటే, జరిగే పని కాదురా. వెళ్లేముందు నీ దగ్గర కొన్నాళ్లుంటాం. ఆ పరుపేదో చూడాలి. తర్వాత నలుగురం కలిసి ఆ ఎర్ర రైలెక్కుదాం."

ఈసారి కొలిక్కిరావు కొలిక్కి మాట ఎత్తలేదు. "రా బావా" అన్నాడు. పక్కన ఉల్లిపాయలు తరుగుతున్న భార్య తల ఎత్తి చూసింది.

బావ వాళ్లు వచ్చి ఉండటానికి ఇక అడ్డు స్నానాలగది నేల ఒక్కటే. దానికి ఒక టైల్సు మేస్త్రీని కుదుర్చుకున్నాడు. ఆయన ఆ దేశస్థుడు. విజిటింగు కార్డు మీద తనను 'నేలల శిల్పి' అని అచ్చు వేయించుకున్నాడు. పని చేసేటప్పటికన్నా పనిని వర్ణించేటప్పుడు ఆయన చేయి బాగా తిరిగేది. టైలు మీద వేలు ఆనించి కళ్లు మూసుకునేవాడు. తార్కికులు లేకపోవడాన్ని నాలుగు రకాలుగా విభజించారు. తయారయ్యే ముందు కుండ లేకపోవడం ఒక రకం. ఆ లెక్కన కొలిక్కిరావు చుట్టాల గది ఆ కోవకు చెందుతుంది. ఎప్పుడూ ఎక్కడా లేకపోవడం మరో రకం. మేస్త్రీ రెండో కోవ మనిషని ఆయన పాత ఖాతాదారులు చెబుతూనే ఉన్నారు. కానీ ఆయన చెప్పిన రోజుకు వచ్చాడు. రావడమే గొప్పగా తోచింది.

ఆ వారమే భార్యకు ఎప్పుడో బాకీపడ్డ ప్రయాణం పెట్టుకున్నారు. సముద్రం ఒడ్డున ఒక వారం. మేస్త్రీకి తాళం ఇచ్చి, గదిలో నిలబెట్టి, నేల వాలు ఎటుండాలో, నీలం టైళ్ల వరస ఏ గోడకు పోవాలో కొలిక్కిరావు మూడు విధాలుగా వివరించాడు. మొదటి వివరణ మేస్త్రీకి అర్థమైంది. రెండోది మొదటిదాన్ని చెడగొట్టింది. మూడోది పూర్తయ్యేసరికి బయట టాక్సీ హారన్ మోగింది. కొలిక్కిరావు సంచీ అందుకుని, ఆ దేశ భాషలో, చక్కటి వ్యాకరణంతో అన్నాడు:

"నేను వెళ్లి వస్తాను."

ఇల్లు దాటేవాడు 'వెళ్తున్నాను' అనకూడదని మన నాలుకకు చిన్నప్పుడే అలవాటు చేస్తారు. ఆ మాట ఒంటరిగా వినబడితే పెద్దవాళ్లు ఉలిక్కిపడి, 'వెళ్లొస్తాననాలి' అని సరిదిద్దుతారు. తిరిగి వచ్చే ఉద్దేశం లేకపోయినా, వచ్చే దారి లేకపోయినా, ఆ రావడాన్ని వెళ్లడం వెనక తగిలించాల్సిందే. కొలిక్కిరావు పరాయి భాషను ఇరవై ఏళ్లుగా మాట్లాడుతున్నాడు, లిఫ్టు నివేదికలు రాస్తున్నాడు. కానీ గడప దగ్గరికి వచ్చేసరికి అతని నోట తెలుగే అనువాదమై వచ్చేది. అవతలివాడికి మన ఆచారం తెలియదు. ఉన్న మాటకు ఉన్న అర్థమే తీసుకుంటాడు.

సముద్రం దగ్గర ఆ వారం బాగానే గడిచిందని చెప్పాలి, సముద్రాన్ని మినహాయిస్తే. కొలిక్కిరావు హోటలు స్నానాలగదిలో నేల మీద బోర్లా పడుకుని గోడ అంచు ఫోటోలు తీశాడు. ఒడ్డున గవ్వలమ్మే దుకాణాలు దాటి, ఒక హార్డ్‌వేర్ షాపు కనిపెట్టి, ఇత్తడి తలుపు పిడులు కొన్నాడు. వాటి బరువుకు భార్య సూట్‌కేసు చక్రం ఊడింది. భార్య ఒంటరిగా ఒడ్డున కూర్చుని, ఒక పక్క సముద్రమూ తన వెనక మొగుడూ ఉన్న ఫోటో తీసుకోబోతే, అతను వంగి కాలిబాట వాలు చూస్తూ దొరికాడు.

"మనం ఎక్కడికి వచ్చామో ఎవరైనా అడిగితే ఈ ఫోటోలే చూపిస్తాను" అందామె. "ఇది సముద్రం పక్క నీళ్లు పోయే జాలీ. ఇది సముద్రం పక్క గడప. ఇదిగో, ఈ మూల తడిగా ఉంది చూడండి, ఇదే సముద్రం."

"బాత్రూం పనైపోతే ఇంకో ట్రిప్పు వేద్దాం. అప్పుడు తీరిగ్గా చూద్దువు" అన్నాడతను.

తిరిగి వచ్చేసరికి ఇంట్లోంచి రేడియో పాట వినబడుతోంది. కొలిక్కిరావు మనసు తేలికై రెండేసి మెట్లు ఎక్కి వెళ్లాడు. స్నానాలగదిలో నేల ఎలా వదిలి వెళ్లాడో అలాగే ఉంది. మధ్యలో మడత కుర్చీ. కుర్చీలో మేస్త్రీ. ఆయన పక్కన టైళ్ల పెట్టెలు సీలు తీయకుండా, అలంకారంగా పేర్చి ఉన్నాయి.

"వచ్చారా" అన్నాడు మేస్త్రీ, పాట ఆపి. "ఇక మొదలుపెడదామా?"

"ఈ వారమంతా ఏం చేశారు?"

"మీకోసం చూశాను. రోజూ పొద్దున్నే వచ్చి కూర్చున్నాను. మీరు వెళ్లి వస్తానన్నారు కదా. నీలం వరస ఎటో మీరొచ్చి చూపిస్తారనుకున్నాను."

"అది... అది ఊరికే అనే మాట."

మేస్త్రీకి అర్థం కాలేదు. "వెంటనే రానప్పుడు వస్తానని ఊరికే ఎందుకంటారు?"

మెట్ల దగ్గర నిలబడ్డ భార్య విరిగిన సూట్‌కేసు మీద కూలబడి, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ చాలాసేపు నవ్వింది. ఆ నవ్వులో సగానికి పైగా నవ్వు కాదని అతను గమనించినా, గమనించనట్టే ఉన్నాడు.

మేస్త్రీకి మర్నాటి నుంచి వేరేచోట పని ఒప్పందమై ఉంది. ఆయన మళ్లీ ఖాళీ అయ్యేది సరిగ్గా బావ వాళ్లు వచ్చే వారంలో. అది కూడా కాదంటే చలికాలం పోయాకే. కొలిక్కిరావు రెండింటినీ తూచి చూశాడు. బావ ఒక్కసారే వస్తాడు. కానీ మేస్త్రీ కూడా ఒక్కసారే వస్తాడు. ఈ రెండు వాక్యాలూ అతనికి ఒకే బరువుతో కనబడ్డాయన్నది అతని గురించి చెప్పుకోవాల్సిన ముఖ్యమైన సంగతి. బావకు ఫోన్ చేశాడు.

"బావా, మీరు ఉండే రోజులకు మంచి హోటల్లో గది చూస్తాను. ఇల్లంతా దుమ్ముగా ఉంటుంది. అక్కకు ఇబ్బంది."



"మనిద్దరం ఒక పరుపు మీద వంతులేసుకుని పడుకున్నాం రా" అన్నాడు బావ. "ఇప్పుడు నన్ను హోటల్‌కి తోలేస్తావా?"

"అది కాదు బావా. కాస్త కొలిక్కి..."

"ఏది రావాలి రా కొలిక్కి? ఇల్లా, నువ్వా?"

చివరికి బావే తేల్చాడు. హోటలు వద్దు, ఉండటమూ వద్దు. రైలెక్కే రోజు పొద్దున వచ్చి ముఖం చూసిపోతారు. కొండ ఎక్కి, అవతలి వైపు దిగి, అక్కడి నుంచి అటే విమానం ఎక్కేస్తారు. "మీరిద్దరూ రైలుకైనా వస్తారా, లేక రైలు కూడా దుమ్మేనా?"

"చూద్దాం బావా" అన్నాడు కొలిక్కిరావు. చూద్దామంటే కాదని అర్థమని తెలుగు తెలిసిన ఎవరికైనా తెలుసు. ఫోను పెట్టేశాక భార్య తన మాట చెప్పింది.

"నేను నాలుగు టికెట్లు కొన్నాను. నేనైతే వెళ్తున్నాను. అన్నయ్య వాళ్లతో ముగ్గురమైనా సరే."

"మేస్త్రీ దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా."

"ఉండండి. ఆ గది పూర్తయ్యేసరికి అందులో పడుకోవడానికి ఎవరూ మిగలరు. అప్పుడు మీరే పడుకోండి. మధ్యమధ్యలో లేచి అటూ ఇటూ మారండి, మనిషి వచ్చినట్టుంటుంది."

ఆ రోజు రానే వచ్చింది. మేస్త్రీ పెందలాడే వచ్చి, జిగురు పొడి బకెట్లో పోసి, కలపడానికి నీళ్లు సిద్ధం చేసుకున్నాడు. ఆ వెనకనే గుమ్మంలో బావ, బావ భార్య, రెండు పెద్ద పెట్టెలతో దిగారు. బావ జుట్టు పలచబడింది. మొహం మాత్రం క్యాలెండరు కింద కూర్చున్నప్పటిదే.

"వదినా, ఎంత చిక్కిపోయావు" అంది బావ భార్య, ఈమెను కావలించుకుని.

"దుమ్ము తిని ఒళ్లు ఎక్కడ చేస్తుంది వదినా?"

"తమ్ముడూ, అడుగు ఎక్కడ వేయమంటావో ముందే చెప్పు. తర్వాత కొలిచి నిందలేయకు."

"రా అక్కా. అటు కాదు, ఆ చెక్క మీద... ఆ, అక్కడ" అన్నాడు కొలిక్కిరావు.

టీ తాగారు. వంటగది బల్ల మీద బుడగ ఎప్పుడో మధ్యకు వచ్చింది కాబట్టి టీ మాత్రం సమంగా ఉంది. కొలిక్కిరావు ఇల్లు చూపించడం మొదలుపెట్టాడు. బావ ఒక గోడ చూశాడు, రెండో గోడ చూశాడు. మూడో గోడ చరిత్ర మొదలవబోతుండగా ఆపాడు.

"పరుపేదిరా?"

పైకి వెళ్లారు. గదిలో రంగు డబ్బాలు, తలుపు పిడుల అట్టపెట్టెలు, గోడకు ఆనుకుని నిలబడి పరుపు. ప్లాస్టిక్ కవరు పసుపుబారింది. బావ దాన్ని రెండు చేతులా పట్టుకుని నేల మీద పడేశాడు. దుమ్ము లేచింది. బూట్లు విప్పకుండా, కాళ్లు పరుపు బయటికి పెట్టి, కవరు మీదే వెల్లకిలా పడుకున్నాడు. కదిలినప్పుడల్లా కవరు అటుకులు నలిగినట్టు చప్పుడు చేసింది. బావ కళ్లు మూసుకున్నాడు. కొలిక్కిరావు రంగు డబ్బా మీద కూర్చున్నాడు. పక్క గదిలో మేస్త్రీ బకెట్టు గీకుతున్నాడు. బావ పడుకున్నది మరీ ఎక్కువసేపు కూడా కాదు. లాండ్రీ షాపు పైన ఒకడు లేచి రెండోవాడు చొక్కా విప్పే వ్యవధి అంత.

బావ లేచాడు. ప్యాంటు దులుపుకున్నాడు.

"పడుకున్నాను. నీ మాట చెల్లింది. ఇక నిశ్చింతగా సున్నం కొట్టుకో."

కిందికి దిగారు. టాక్సీ వచ్చింది. పెట్టెలు ఎక్కించారు. కొలిక్కిరావు భార్య చిన్న సంచీ భుజానికి తగిలించుకుని, మొగుడి వైపు చూడకుండా వెళ్లి కూర్చుంది. బావ భార్య అతని భుజం తట్టి, ఒంట్లో జాగ్రత్త అని నర్సు గొంతుతో చెప్పింది. చివరగా బావ అతని చేయి పట్టుకున్నాడు.

"సరేరా. వెళ్తాం."

కొలిక్కిరావు ఆగాడు. ఆ మాటకు రెండో సగం ఉంటుంది, అది ఎప్పుడూ వస్తుంది, గాలి పీల్చుకున్నంత తేలిగ్గా వస్తుంది. రాలేదు.

"వెళ్లొస్తాం అనవేంటి బావా?"

"రాము కదరా" అన్నాడు బావ, మామూలుగా. "రానప్పుడు ఊరికే ఎందుకనడం?"

ఒకే ప్రశ్నను మేస్త్రీ అమాయకంగా అడిగాడు, బావ తెలిసి అడిగాడు. మొదటిసారి అది అతనికి ఒక వారం నష్టంగా తోచింది. ఇప్పుడు ఎంత నష్టమో అతనికి తెలిసి ఉండాలి. మొహంలో మాత్రం ఏమీ కనబడలేదు. లిఫ్టు మధ్యలో ఆగినప్పుడు లోపలివాళ్లు పెట్టే మొహమే పెట్టాడు. బావ అతని చేయి వదిలి వెళ్లి టాక్సీలో కూర్చున్నాడు. డ్రైవరు అద్దంలోంచి వెనక్కి చూశాడు.

పైనుంచి మేస్త్రీ గొంతు. "సార్, కలిపేస్తున్నాను. కలిపితే మళ్లీ ఆగదు. నీలం వరస ఎటు?"

కొలిక్కిరావు లోపలికి వెళ్లాడు. అతను పైకి వెళ్లడం టాక్సీలో ఉన్నవాళ్లెవరికీ ఆశ్చర్యం కలిగించలేదు. మెట్లు ఎక్కాడు. మేస్త్రీ మోకాళ్ల మీద కూర్చుని, తాపీ చేతబట్టుకుని చూస్తున్నాడు.

"నేను వెళ్తున్నాను" అన్నాడు కొలిక్కిరావు, ఆ దేశ భాషలో.

మేస్త్రీ అనుమానంగా కుర్చీ వైపు చూశాడు. "వెళ్లి వస్తారా?"

"లేదు. వెళ్తున్నాను. అంతే."

"మరి నీలం వరస?"

"మీ ఇష్టం."

నేలల శిల్పి జీవితంలో ఆ మాట ఎవరూ అని ఉండరు. ఆయన కళ్లు మెరిశాయి. ఆ మెరుపు చూసి కొలిక్కిరావు చేయి జేబులోని రసమట్టం మీదికి పోయింది. ఒక్క క్షణం గుమ్మంలో నిలబడ్డాడు. తర్వాత కోటు కూడా తీసుకోకుండా దిగి వచ్చి టాక్సీ ముందు సీట్లో కూర్చున్నాడు.

"ఏరా, ఏమైనా మరిచిపోయావా?" అన్నాడు బావ వెనక నుంచి.

"పద" అన్నాడు ఇతను డ్రైవరుతో, తెలుగులో. డ్రైవరుకు ఎలా అర్థమైందో గాని బండి కదిలింది.

ఇందులో కొలిక్కిరావు గొప్పతనం ఏదైనా ఉందనుకుంటే దాన్ని కొంచెం తగ్గించి చూడాలి. టికెట్టు భార్య ముందే కొనిపెట్టింది. కోటు లేనందుకు దారి పొడుగునా చలికి వణికి, బావ స్వెటరు వేసుకున్నాడు. ఎర్ర రైలు కొండ ఎక్కుతున్నప్పుడు జేబులోంచి రసమట్టం తీసి కిటికీ అంచు మీద పెట్టాడు. బుడగ ఒక చివరికి పోయి అక్కడే ఉండిపోయింది.

"ఏమంటోంది?" అన్నాడు బావ.

"ఏటవాలుగా ఉందంటోంది."

"కొండ కదరా. దీన్ని కూడా విప్పి బాగుచేయిస్తావా?"

భార్య కిటికీ వైపు తిరిగి నవ్వింది. కొలిక్కిరావు రసమట్టాన్ని జేబులో పెట్టేశాడు. సరస్సు వచ్చినప్పుడు అది క్యాలెండరు బొమ్మ కన్నా చిన్నదిగా ఉందని ఇద్దరికీ అనిపించింది. మరక లేని కొండ అంత ముందుకు కూడా పొడుచుకురాలేదు. ఆ సంగతి ఇద్దరూ పైకే చెప్పుకున్నారు.

కొండ అవతల విమానాశ్రయంలో బావ మళ్లీ 'వెళ్తాం' అనే అన్నాడు. ఈసారి ఇతను సరిదిద్దలేదు.

ఇంటికి తిరిగి వచ్చేసరికి స్నానాలగదికి నేల ఉంది. నీలం వరస కిటికీ గోడకు కాక తలుపు గోడకు పోయింది. వాలు జాలీ వైపు కాక గడప వైపు ఉంది. మేస్త్రీ బిల్లు పెట్టి, మడత కుర్చీ తీసుకుని వెళ్లిపోయాడు. కొలిక్కిరావు నేల మీద రసమట్టం పెట్టి చాలాసేపు చూశాడు. భార్య గుమ్మంలో నిలబడి, ఇప్పుడు విప్పుతాడా లేదా అని చూసింది.

అతను విప్పించలేదు. పరుపు కవరు చించి పారేశాడు. ఆ శీతాకాలంలో, మునుపు తలుపు పట్టుకుని నిలబడ్డ దంపతులకు ఫోన్ చేసి రమ్మన్నాడు. వాళ్లు కొంత సందేహించి, చివరికి వచ్చారు. ఆ తర్వాత ఇంకొందరు వచ్చారు. వంటగదిలో తలుపు చట్రం ఇప్పటికీ సగం బిగించే ఉంది. వచ్చినవాళ్లకు గది చూపించి అతను చెప్పేది ఇంతే: "స్నానం చేశాక నీళ్లు గడప వైపు వస్తాయి. గుడ్డ అక్కడ పెట్టాను, తుడిచెయ్యండి."